థర్మోకోల్ బండకు 200 ఏళ్ల చరిత్ర

ఈ ఎపిసోడ్‌లో కోడింగ్ లేదు, గ్యాడ్జెట్ రివ్యూ లేదు. రాళ్ల గురించి మాట్లాడుకుందాం. అవి కూడా నకిలీ రాళ్లు.

నా టేబుల్ మీద ఆరంగుళాల బొమ్మ ఒకటి ఉంటుంది, దాని వెనకాల ఒక చిన్న గుట్ట ఉంటుంది. ఆ గుట్ట మొత్తం ఫోమ్. చేతిలోకి తీసుకుంటే ఒక బిస్కెట్ ప్యాకెట్ అంత బరువు కూడా ఉండదు. ఇలా బొమ్మ చుట్టూ నేల, రాయి, చెట్టు అన్నీ పెట్టి ఒక సీన్ లాగా కట్టడాన్ని డయోరమా అంటారు. దీన్ని ఎలా చేయాలో చెప్పే వీడియోలు ఇంటర్నెట్లో బోలెడున్నాయి. ఫోమ్ షీట్ తీసుకో, చేత్తో విరువు, ఒకదాని మీద ఒకటి అతికించు, గ్రే రంగు వెయ్యి, అయిపోయింది కొండ. చూడ్డానికి బాగానే ఉంటుంది. కాకపోతే అది యూరప్‌లో కొండ. మన దగ్గర అట్లాంటి రాయి ఎక్కడా కనపడదు.

నేనుండేది అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర. ఇక్కడ ఏ రోడ్డు మీద వెళ్లినా గుండ్లు కనిపిస్తాయి. గుండ్రంగా, ఏనుగంత, ఇల్లంత, ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు. అసలు నమూనా కిటికీలోంచి కనిపిస్తుంటే, నకలు మాత్రం ఆల్ప్స్ పర్వతాల లాగా ఎందుకు చేస్తున్నాం? ఈ ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళ్తే చాలా పెద్ద చరిత్ర బయటపడింది. అదే ఇవాళ్టి కథ.

ముందు డయోరమా అన్న మాట సంగతి చూద్దాం. 1822లో పారిస్‌లో లూయి డగేర్ అనే ఆయన ఒక షో మొదలుపెట్టాడు. పెద్ద పెద్ద పల్చటి బట్టల మీద లోయలు, చర్చిలు బొమ్మలు వేసి, ముందు నుంచీ వెనక నుంచీ వెలుతురు మార్చేవాడు. కూర్చున్న చోటే పగలు పోయి రాత్రి వచ్చేది. జనం కూర్చున్న వేదిక మొత్తం తిరిగి ఇంకో బొమ్మ ముందుకు తీసుకెళ్లేది. ఆ షో పేరే డయోరమా. సినిమాకి 70 ఏళ్ల ముందు సంగతి ఇది!

ఇప్పుడు 1839 అనే సంవత్సరం గుర్తుపెట్టుకోండి. ఆ ఏడాది డగేర్ డయోరమా భవనం అగ్నిప్రమాదంలో కాలిపోయింది. అదే ఏడాది ఆయన కనిపెట్టిన ఫొటోగ్రఫీ పద్ధతి ప్రపంచానికి తెలిసింది. అదే ఏడాది బెర్లిన్‌లో ఎడ్వార్డ్ సైమన్ అనే మందుల తయారీదారు ఒక చెట్టు బంక నుంచి నూనె లాంటి పదార్థం తీశాడు. కొన్ని రోజులకి అది జెల్లీలాగా గడ్డకట్టింది. అదేంటో ఆయనకి అర్థం కాలేదు. దాన్నే మనం ఇప్పుడు పాలిస్టైరిన్ అంటున్నాం. అంటే డయోరమా కాలిపోయిన ఏడాదే, తర్వాతి కాలంలో డయోరమాలకి ప్రాణం పోసే పదార్థం పుట్టింది. ఎవరూ ప్లాన్ చేసింది కాదు, కాకతాళీయమే.

ఆ పదార్థం ఫోమ్‌గా మారడానికి ఇంకో వందేళ్లు పట్టింది. స్వీడన్‌లో కార్ల్ ముంటర్స్ దారి చూపించాడు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికాలోని డౌ కంపెనీలో రే మెకింటైర్ అదే దారిలో గట్టి షీట్ ఫోమ్ తయారుచేశాడు. 1949లో జర్మనీ కంపెనీ బీఏఎస్ఎఫ్‌లో ఫ్రిట్జ్ స్టాస్ట్నీ పూసల్లాంటి ఫోమ్ కనిపెట్టాడు. టీవీ కొంటే డబ్బాలో వచ్చేది, గోరు తగిలితే పూసలు పూసలుగా రాలేది ఈ రెండోదే. దాన్ని మనం థర్మోకోల్ అంటాం. అది మొదట ఒక బ్రాండ్ పేరు. బీఏఎస్ఎఫ్ ఇండియా కంపెనీ 1943లో ఆర్.ఏ. కోల్ అనే పేరుతో మొదలైంది. ఆ పేరు చివర్లో ఉన్న 'కోల్' చూశారా? జిరాక్స్, డాల్డా లాగా థర్మోకోల్ కూడా బ్రాండ్ పేరు పోయి వస్తువు పేరుగా మిగిలిపోయింది.

మరి ఫోమ్ రాకముందు నకిలీ రాయి లేదా అంటే, ఉంది. ఇంగ్లండ్‌లో పుల్హామ్ అనే కుటుంబం తరతరాలుగా ఇదే వ్యాపారం చేసింది. ఇటుక ముక్కలు, రాళ్ల చెత్త పోగేసి, పైన సిమెంట్ పూసి, అది ఆరేలోపు చెక్కి, ఇసుకరాయి లాగా కనిపించేటట్టు చేసేవాళ్లు. 1860ల్లో లండన్ బాటర్సీ పార్కులో కట్టిన రాళ్లు ఇప్పటికీ ఉన్నాయి. 1907లో జర్మనీలో హాంబర్గ్ దగ్గర కార్ల్ హాగెన్‌బెక్ ఇనుప ఊచలు లేని జూ తెరిచాడు. జంతువులకీ జనానికీ మధ్య కందకం, జంతువుల వెనక నకిలీ కొండలు. ఆ కొండలు చేసింది ఉర్స్ ఎగెన్‌ష్విలర్ అనే స్విస్ శిల్పి. 1959లో అమెరికాలో డిస్నీలాండ్ వాళ్లు స్విట్జర్లాండ్ దగ్గరి మాటర్‌హార్న్ శిఖరాన్ని 147 అడుగుల ఎత్తున కట్టారు. అసలు శిఖరంలో సరిగ్గా నూరో వంతు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఇంగ్లండ్ వాళ్లు ఇసుకరాయిని కాపీ కొట్టారు, స్విస్ శిల్పి ఆల్ప్స్‌ని కాపీ కొట్టాడు. ఎవరికి తెలిసిన రాయిని వాళ్లు చేశారు. అదే స్టైల్ జూల్లోకి, థీమ్ పార్కుల్లోకి, సినిమాల్లోకి, ఇప్పుడు మన ఫోన్లలోని ట్యుటోరియల్ వీడియోల్లోకి వచ్చింది. అందుకే కొండ అనగానే మన చెయ్యి తెలియకుండానే పొరలు పొరలుగా, ముక్కులు ముక్కులుగా విరుస్తుంది.

మన దగ్గర ఈ కళ లేదా? ఎందుకు లేదు! బొమ్మల కొలువు ఏమిటి మరి? మెట్ల మీద దేవుళ్లు, పక్కన ఇసుక పోసి, రాళ్లు పేర్చి చేసిన గుట్ట, అందులో మొలకెత్తిన ఆవాలు పచ్చిక, అద్దం ముక్క చెరువు. అది పక్కా డయోరమా. క్రిస్మస్‌కి ఇళ్లలో, చర్చిల్లో కట్టే పశువుల పాక కూడా అంతే. గోధుమ రంగు కాగితం నలిపి, రంగు చల్లితే గుహ రెడీ. అటు ఇటలీలో నేపుల్స్ వాళ్లు ఇదే పాకకి కార్క్ చెట్టు బెరడుతో రాళ్లు చేసేవాళ్లు. ఎవరి ఇంట్లో ఏది దొరికితే అది.

స్టేజీ మీదికి వస్తే సురభి వాళ్లు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ నాటక సమాజం, తెరల మీద కొండలు, అడవులు, కోటలు గీసి, కళ్ల ముందే మాయం చేసి మార్చేవాళ్లు. తర్వాత సినిమా. 1951లో వచ్చిన 'పాతాళభైరవి'లో ఆ గుహ గుర్తుందా? థర్మోకోల్ మన దేశంలో ఇంకా దొరకని రోజులవి. 1957లో 'మాయాబజార్'. ఘటోత్కచుడు కొండ మీద నుంచి చూసే ద్వారక ఒక మినియేచర్. దాదాపు 50 అడుగులు, 60 అడుగుల జాగాలో 300కు పైగా చిన్న చిన్న ఇళ్లు. ఒక్కోటి మూడంగుళాలు దాటదు. కళాదర్శకులు గోఖలే, కళాధర్. కెమెరా మార్కస్ బార్ట్‌లే. ఇప్పుడు మనం టేబుల్ మీద చేసేది వాళ్లు 60 ఏళ్ల పైన కిందట స్టూడియో ఫ్లోర్ మీద చేశారు.

ఇక మా మండలానికి వద్దాం. 1996లో ఇక్కడే రామోజీ ఫిల్మ్ సిటీ మొదలైంది. 1,666 ఎకరాలు. ప్రపంచంలో అతిపెద్ద స్టూడియో కాంప్లెక్స్ అని గిన్నిస్ బుక్కులోకి ఎక్కింది. 2015, 2017ల్లో వచ్చిన రెండు 'బాహుబలి' సినిమాలకి ప్రొడక్షన్ డిజైనర్ సాబు సిరిల్ ఇక్కడే మాహిష్మతిని నిలబెట్టాడు. ఆ సెట్‌ని టూరిస్టులు ఇప్పటికీ చూస్తున్నారు. కోట గోడలా కనిపించేది తట్టి చూస్తే బోలు శబ్దం వస్తుంది. కానీ బాహుబలి ఎక్కిన ఆ జలపాతం చూడండి. దాని వెనక ఉన్నది కేరళలోని అతిరప్పిళ్లి, దాన్ని ఆకాశం దాకా పెంచింది హైదరాబాద్‌లోని మకుట వీఎఫ్ఎక్స్ వాళ్ల కంప్యూటర్లు. సినిమాకి ఆ కొండే కావాలి కాబట్టి అది కరెక్టే. నేను అనేది ఒక్కటే. కల్పిత లోకాల కోసం కొండలు కట్టిన ఈ చోటు, 250 కోట్ల ఏళ్ల నాటి అసలు రాళ్ల నడుమ ఉంది.

అవును, 250 కోట్లు. తప్పు వినలేదు. హైదరాబాద్ చుట్టుపక్కల గ్రానైట్ వయసు సుమారు అంత. డైనోసార్లు అంతరించి 6.6 కోట్ల ఏళ్లే అయింది. అంటే డైనోసార్లు మన గుండ్ల ముందు నిన్న మొన్నటి పిల్లలు.

ఇప్పుడు ఈ రాయి ఎలా తయారైందో చెప్తాను. ఇది తెలిస్తే ఫోమ్ కోయడం దానంతట అదే వస్తుంది.

గ్రానైట్ భూమి లోపల చాలా లోతులో, కరిగిన శిల మెల్లగా చల్లారి గట్టిపడితే వచ్చింది. అందుకే ఇసుకరాయిలో ఉన్నట్టు దీంట్లో పొరలు పేర్చినట్టు ఉండవు. పైనున్న బరువు కోట్ల ఏళ్లలో అరిగిపోయే కొద్దీ రాయి కాస్త ఉబ్బి, నిలువుగా, అడ్డంగా పగుళ్లు పడ్డాయి. నేల కిందనే పెద్ద పెద్ద ఘనాలు తయారయ్యాయన్నమాట. ఆ పగుళ్లలోకి నీళ్లు దిగాయి. ఇక్కడ చిన్న లెక్క ఉంది. ఘనానికి ఒక ముఖం మధ్యలో నీళ్లు ఒక వైపు నుంచే తింటాయి. అంచు దగ్గర రెండు వైపుల నుంచి, మూల దగ్గర మూడు వైపుల నుంచి తింటాయి. కాబట్టి మూలలు ముందు పోతాయి, తర్వాత అంచులు. చివరికి ఘనం గుండు అవుతుంది. చుట్టూ మెత్తబడిన మట్టి వానలకి కొట్టుకుపోతే, ఎవరో పేర్చినట్టు గుండు మీద గుండు మిగులుతుంది. ఎవరూ పేర్చలేదు, అవి ఉన్న చోటే ఉన్నాయి. మట్టే దిగిపోయింది. కొన్నిచోట్ల ఉల్లిపొర లేచినట్టు రాయి పైన పెచ్చులు లేస్తాయి. అదీ ఇదే కథలో భాగం.

ఈ రాయిని చదవడంలో అసలు ఇంజినీర్లు వడ్డెరలు. బండ మీద మంట పెట్టి, వేడికి అది లోపల విడిపోయే శబ్దం విని, ఎక్కడ దెబ్బ వేస్తే ఎటు చీలుతుందో చెప్పేవాళ్లు. ఒక ఉలి, ఒక సమ్మెట, తరాల అనుభవం. మన గుళ్లు, కోటలు, బావులు, ఇంటి ముందు అరుగుల వెనక ఉన్నది ఆ చేతులే. భువనగిరి కోట చూడండి, మొత్తం ఒకే రాయి మీద కూర్చుంది. గోల్కొండ గోడలు గుండ్లను పగలగొట్టకుండా, వాటినే గోడలో కలుపుకుంటూ పోయాయి. రేచర్ల వెలమ రాజుల రాచకొండ కూడా అంతే. కోట కట్టిన వాళ్లు ముందు కొండని చదివారు.

సరే, ఇప్పుడు టేబుల్ దగ్గరికి వద్దాం. నేను ఫాలో అయ్యే పద్ధతి చాలా సింపుల్. ప్రకృతి ఏ వరసలో చేసిందో అదే వరస.

మొదట ఫోమ్‌ని ఘనాలుగా కోయాలి. సైజులు వేరువేరుగా ఉండాలి. వాటిని పగుళ్లు కనిపించేటట్టు దగ్గర దగ్గరగా పేర్చి చూసుకోవాలి. ఆ తర్వాతే ఒక్కోదాని మూలలు, తర్వాత అంచులు తీసేయాలి. ముందే గుండ్రంగా కోసి పేరిస్తే లడ్డూలు పేర్చినట్టుంటుంది. పక్కపక్కన ఉన్న రెండు గుండ్ల మధ్య పగులు ఒకే గీతలో కలవాలి. ఎందుకంటే అవి ఒకప్పుడు ఒకే రాయి. చూసేవాళ్లకి కారణం తెలియకపోయినా, కన్ను మాత్రం నమ్ముతుంది.

స్కేల్ మర్చిపోవద్దు. ఆరడుగుల మనిషి ఆరంగుళాల బొమ్మ అయితే, అది పన్నెండో వంతు. అంటే మన ఊర్లో 15 అడుగుల గుండు మీ టేబుల్ మీద 15 అంగుళాలు ఉండాలి. అరచేతిలో పట్టే రాయి పెడితే, బొమ్మ పక్కన అది కూర్చునే పీట మాత్రమే.

పైన గరుకు కోసం అల్యూమినియం ఫాయిల్ ఉండ చేసి ఒత్తండి. గ్రానైట్ పలుకుల్లాగా వస్తుంది. రంగు వేసే ముందు ఫెవికాల్‌లో నల్ల ఆక్రిలిక్ కలిపి ఒక కోటింగ్ ఇవ్వండి. స్ప్రే పెయింట్ నేరుగా కొడితే అందులోని సాల్వెంట్ ఫోమ్‌ని తినేస్తుంది. తర్వాత బూడిద రంగు, దాని మీద అక్కడక్కడ లేత గులాబీ. మన రాయిలో ఆ గులాబీ ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం వల్ల వస్తుంది. చివరగా పైనుంచి కిందికి నల్లటి చారలు. వాన నీళ్లు ఏళ్ల తరబడి జారిన దారులు అవి. ఆ చారలు పడగానే, ఇది తెలంగాణ గుట్ట అని ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

రెండు జాగ్రత్తలు. వేడి తీగతో ఫోమ్ కోస్తే వచ్చే పొగ మంచిది కాదు, కిటికీలు తెరిచి పెట్టుకోండి. ఇక రెండోది, 2022 జులై 1 నుంచి దేశంలో అలంకరణకి వాడే థర్మోకోల్ మీద నిషేధం ఉంది. పండక్కి మండపంలో కైలాసం కట్టి, నిమజ్జనం తర్వాత చెరువు ఒడ్డున వదిలేసే రోజులు పోవాలనే ఆ రూలు. థర్మోకోల్ మట్టిలో కలవదు, పూసలు పూసలుగా విడిపోయి నీళ్లలో తేలుతూనే ఉంటుంది. కాబట్టి కొత్త షీట్లు కొనకండి. ఫ్రిజ్‌తో, టీవీతో ఇంటికొచ్చిన ప్యాకింగ్ ముక్కలు చాలు. రాలిన పూసలు ఒక సీసాలో పోసుకోండి, కాల్చకండి. ఏళ్ల తరబడి దాచుకునే ఒక బొమ్మకి చెత్తలోకి పోయే ముక్క వాడితే అది లాభమే.

ఇప్పుడు ఈ ఎపిసోడ్ ఎందుకు చేశానో ఆ మాట చెప్తాను.

మా వైపు రోడ్ల మీద టిప్పర్లు ఆగవు. కంకర. గుట్టలు పిండి అయి, అపార్ట్‌మెంట్లు, ఫ్లైఓవర్లు, మన ఆఫీసులు అవుతున్నాయి. నేను ఉద్యోగం చేసిన ఐటీ బిల్డింగ్ కూడా ఏదో ఒక గుట్టే అయి ఉంటుంది. ఇళ్లు కావాలి, రోడ్లు కావాలి, ఆ పనిలో బతికే కుటుంబాలూ ఉన్నాయి, కాదనను. కానీ చెట్టు కొడితే మళ్లీ నాటొచ్చు. 250 కోట్ల ఏళ్ల గుండు పేలిస్తే, దాన్ని తిరిగి పెట్టే మార్గమే లేదు. 1996లో, అంటే ఫిల్మ్ సిటీ మొదలైన ఏడాదే, హైదరాబాద్‌లో 'సొసైటీ టు సేవ్ రాక్స్' అనే సంస్థ పుట్టింది. ఒకే ఏడాది, ఒకే నగరం. ఒకవైపు కల్పిత లోకాలు కట్టడం, ఇంకోవైపు అసలు రాళ్లు కాపాడుకోవడం. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పుట్టగొడుగు ఆకారపు రాయి గురించి వినే ఉంటారు. అట్లాంటివి ప్రతి మండలంలో పేరు లేకుండా ఉన్నాయి.

డయోరమా ఇక్కడ రెండు పనులు చేయగలదు. రెండింటికీ చరిత్రలో ఉదాహరణలున్నాయి.

మొదటిది మనదే. ఇబ్రహీంపట్నం మీదుగా సాగర్ రోడ్డు పట్టుకుని వెళ్తే నాగార్జునసాగర్ వస్తుంది. అక్కడ నీళ్ల కింద ఇక్ష్వాకుల రాజధాని విజయపురి లోయ ఉంది. డ్యామ్ నీళ్లు వచ్చేలోపు, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో ఆ లోయని తవ్వారు. కొన్ని కట్టడాలను ఎత్తి కొండ మీద, అనుపులో తిరిగి కట్టారు. ఆ కొండ ఇప్పుడు ద్వీపం. పడవెక్కి వెళ్తే మ్యూజియంలో మునిగిపోయిన లోయ మోడల్ కనిపిస్తుంది. అది చూసి నేను చాలాసేపు నిలబడిపోయాను. అసలు లోయ ఇక ఎవరి కంటికీ పడదు. ఆ మోడల్ దాని జ్ఞాపకం.

రెండోది అమెరికాది. కార్ల్ ఏక్లీ అనే ఆయన మ్యూజియం డయోరమాలకి పితామహుడి లాంటివాడు. 1921లో గొరిల్లా డయోరమా కోసం కాంగో వెళ్లి కొన్ని గొరిల్లాలను చంపి తెచ్చాడు. కానీ వాటిని దగ్గరగా చూశాక మనసు మారింది. వాటిని కాపాడాలని బెల్జియం రాజు ఆల్బర్ట్‌ని ఒప్పించాడు. 1925లో అక్కడ నేషనల్ పార్క్ వచ్చింది. మరుసటి ఏడాది ఆయన ఆ కొండల్లోనే చనిపోయాడు. న్యూయార్క్ మ్యూజియంలో ఆయన పేరు మీదున్న హాలులో ఆ గొరిల్లా డయోరమా ఇప్పటికీ ఉంది. అసలు కొండల్లో గొరిల్లాలు కూడా ఇంకా ఉన్నాయి.

ఒక మోడల్ పోయినదాన్ని గుర్తుపెట్టుకుంది. ఇంకో మోడల్ కోసం వెళ్లిన మనిషి అసలుదాన్ని నిలబెట్టాడు. నాకు రెండోదే కావాలి.

అందుకే ఈసారి ఫోమ్ కోసే ముందు ఒక పని చేయండి. ట్యుటోరియల్ పక్కన పెట్టి, మీ ఊరి గుట్ట దగ్గరికి వెళ్లండి. నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీయండి. పక్కన ఒక మనిషిని నిలబెట్టండి, స్కేల్ తెలుస్తుంది. ఆ గుండుకి ఊర్లో పేరేమైనా ఉందేమో పెద్దవాళ్లని అడగండి. ఏనుగు గుండు అనో, తాబేలు బండ అనో ఏదో ఒకటి చెప్తారు. ఆ పేరు, ఊరు, తేదీ మీ డయోరమా కింద రాసి పెట్టండి. పేరున్న రాయిని టిప్పర్ ఎక్కించే ముందు ఎవరో ఒకరు ఆగి అడుగుతారు. పేరు లేని దాన్ని అడిగేవాళ్లుండరు.

వచ్చే ఎపిసోడ్‌లో సురభి వాళ్ల తెరల వెనక ట్రిక్కులు చూద్దాం.